తినలేని మొక్కకి ఎంత వడ్డించినా...

మినీ ప్రాజెక్టు కోసం కొత్తగా పెట్టిన చేపల తొట్టి నీళ్లలో మొక్కజొన్న మొలకలు పెంచాం. చేపల వ్యర్థాలే ఎరువు, మట్టి అక్కర్లేదు అన్నది మా లెక్క. పదో రోజుకి ఆకులు పాలిపోయాయి. వేర్లు పొట్టిగా, గోధుమ రంగుకి తిరిగాయి. ఎరువు చాల్లేదేమోనని ఇంకొంచెం పోశాను. ఇంకా పాడయ్యాయి. రివ్యూకి వారమే ఉంది.

అక్వేరియం షాపులో దొరికే పరీక్ష పట్టీ ముంచితే నైట్రైట్ గడి ముదురు రంగుకి మారింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం దాన్ని మొక్కకి పనికొచ్చే నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండో రకం కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి కొత్త తొట్టిలో నైట్రైట్ పేరుకుపోతుంది. మొక్క కూడా తన కణాల్లో నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గానే మారుస్తుంది. కానీ నిలవ ఉంచదు, వెంటనే అమ్మోనియం చేసేస్తుంది.

దీనికి తోడు నా తప్పు ఒకటుంది. పీహెచ్ 6కి దించబోయి 4.5కి దించేశాను. నైట్రైట్ అయానుకి ఆవేశం ఉంటుంది కాబట్టి కణత్వచం దాన్ని సులువుగా రానివ్వదు. ఆమ్లంలో అది ప్రోటాన్‌తో కలిసి నైట్రస్ ఆమ్లం అవుతుంది. ఆవేశం లేని ఆ అణువు సులువుగా జారిపోతుంది. దాని పీకేఏ సుమారు 3.3. లెక్కేస్తే పీహెచ్ 6.5 దగ్గర 10,000లో 6 అణువులే ఈ రూపంలో ఉంటాయి. 4.5 దగ్గర 100లో 6. అంటే వంద రెట్లు!

కణం లోపల పీహెచ్ 7 దాటి ఉంటుంది. అక్కడ ఆమ్లం మళ్లీ విడిపోయి ప్రోటాన్‌ని, నైట్రైట్‌ని వదిలేస్తుంది. వేరు ఏటీపీ ఖర్చు పెట్టి ప్రోటాన్లని బయటికి తోడుతూ ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం లోపలికి రావడం ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. హాస్టల్ ట్యాంకుకి చిల్లు పడితే మోటారు ఎంతసేపు వేసినా కుళాయిలో ధార రాదు కదా, ఇదీ అంతే. నేను పోసిన ఎరువు వేరు చుట్టూనే ఉండిపోయింది.

నమ్మకం కుదరక మూడు గ్లాసుల్లో ఒకే పోషక ద్రావణం పోశాం. ఒకదాన్లో 6.5 పీహెచ్‌తో నైట్రైట్, రెండోదాన్లో నైట్రైట్ లేకుండా 4.5 పీహెచ్, మూడోదాన్లో రెండూ. ఐదు రోజుల్లో మొదటి రెండింట్లో వేర్లు నెమ్మదిగానైనా సాగాయి. మూడోదాన్లో ఆగిపోయాయి. పోషకాలు ఎంత తీసుకున్నాయో కొలిచే పరికరం మా దగ్గర లేదు, వేరు పొడవే చూశాం.

రివ్యూలో పచ్చటి మొక్కల బదులు ఆ మూడు గ్లాసులే బల్ల మీద పెట్టాం.