నీరు పల్లమెరుగు: పాత కారులో వాననీటి జాడ

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్న సామెత మనమందరం ఎరిగినదే. అందులోని మొదటి సగాన్ని విస్మరించి ఒక పాత కారు పట్ల నేను చేసిన పొరపాటే ఈ వ్యాసానికి ప్రేరణ. నేను తెలుగు బోధించేవాణ్ణే గాని యంత్రశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా చేతులు కాలిన తరువాత నేర్చుకున్న విషయం నలుగురికీ ఉపకరిస్తుందని వ్రాస్తున్నాను.

మా మేనమామగారి అంబాసిడర్ కారు నాకు సంక్రమించింది. వానాకాలంలో దాని ముందు సీటు దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట నీరు నిలిచేది. ముందు అద్దం ఆ పైనే ఉన్నది కనుక దోషం అద్దానిదేనని నిర్ణయించుకొని, దాని రబ్బరు పట్టీ చుట్టూ మూడు పర్యాయాలు సీలంటు పూశాను. నీరు ఆగలేదు. మరుసటి ఏడు చక్రం మార్చడానికి జాకీ పెట్టి ఎత్తగా, తలుపు క్రింది రేకు కరకరమని లోనికి క్రుంగిపోయింది.

ఆ రేకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా రూపొందిన అంబాసిడర్, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957 నుండి 2014 వరకు తయారైంది. లారీకి ఉన్నట్లు దీనికి క్రింద విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల క్రింది రేకులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బండి బరువును మోస్తాయి. కావున మ్యాటు క్రింద తుప్పు పట్టడమంటే ఇంటి పునాదికి చెద పట్టడమే. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుంది. అది అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రంగును పైకి లేపుతుంది. ఆ సందున మరింత నీరు చేరుతుంది. ఇట్లు ఒకసారి మొదలైన క్షయం తనంత తానే పెరుగుతూ పోతుంది.

ఇక నీరు ఎట్లా ప్రవేశిస్తుంది? బండిలో సందులన్నింటినీ కాపాడేది రబ్బరు. ఎండకూ, గాలిలోని ఓజోన్‌కూ రబ్బరు ఏళ్ళ తరబడి గురై గట్టిపడి, పగుళ్ళు వారుతుంది. వెంట్రుక వాసి సందు చాలు, కేశనాళిక చర్య వలన నీరు దానంతట అదే లోనికి ప్రాకుతుంది. ప్రాకిన నీరు అక్కడే కారదు. పైకప్పు గుడ్డ వెనుకగానో, విద్యుత్ తీగల వెంబడిగానో, స్తంభం లోపలగానో ప్రయాణించి చివరకు పల్లానికి చేరుతుంది. మనకు కనబడే మడుగు పల్లం ఎక్కడున్నదో చెబుతుందే గాని రంధ్రం ఎక్కడున్నదో చెప్పదు. నేను గ్రహించనిది ఇదే.

మా పేటలోని ఒక వృద్ధ ఉస్తాదు బండిని చూసి, "సాబ్, నీళ్ళు కనబడే చోటు వేరు, వచ్చే చోటు వేరు. ముందు తలుపు విప్పుదాం" అన్నాడు. తలుపు లోపలి అట్ట విప్పి, అడుగున ఉన్న చిన్న రంధ్రాలలో సన్నని తీగ పోనిచ్చాడు. బురదతో పాటు చెంబెడు నీరు బయటికి వచ్చింది. అద్దం ప్రక్క సందు గుండా వాననీరు తలుపులోకి దిగడం సహజమేననీ, అది అడుగు రంధ్రాల ద్వారా వెలుపలికి పోవాలనీ అప్పుడే తెలుసుకున్నాను. రంధ్రాలు పూడుకొనిపోయాయి. లోపలి అట్టకు వెనుక ఉండవలసిన ప్లాస్టిక్ తెర చినిగిపోయింది. నీరు అక్కడి నుండి నేల మీదికి పొర్లింది.

ఉస్తాదు పాటించిన పరీక్షా పద్ధతి విద్యార్థులు గమనించదగినది. మొదట మ్యాట్లన్నీ తీసి లోపలంతా పొడిగా తుడవాలి. అనుమానమున్న అతుకుల వెంబడి లోపలి వైపు సుద్దపొడి చల్లి, నేల మీద వార్తాపత్రికలు పరచాలి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుంటే, మరొకరు గొట్టంతో నెమ్మదిగా నీరు పోయాలి. క్రింది నుండి మొదలుపెట్టి పైకి రావాలి. పై నుండి పోస్తే నీరు అన్ని అతుకుల మీదుగా జారి, ఏది దోషో తెలియదు. ఒక్కొక్క చోట అయిదు నిమిషాలైనా ఆగాలి. నీటిని వేగంగా చిమ్మితే మంచి రబ్బరును కూడా దాటి లోనికి పోతుంది. తలుపు రబ్బరును పరీక్షించడానికి కాగితపు ముక్కను మధ్యన ఉంచి తలుపు మూసి లాగాలి. తేలికగా జారివస్తే అక్కడ పట్టు లేదన్నమాట. డిక్కీ మూత రబ్బరు, వెనుక దీపాల అడుగు పట్టీలు, వైపర్ల మొదళ్ళు, ఇంజను ప్రక్క గోడలో తీగలు దూరే రంధ్రాలు కూడా చూడాలి. వాన లేని రోజున నేల తడిస్తే, ఏ.సి. ఉన్న బండ్లలో దాని నీరు పోయే గొట్టం పూడిందేమో చూడాలి.

దోషం దొరికిన తరువాత చికిత్స సులభమే. గట్టిపడిన అద్దపు పట్టీకి పైపూత పనికిరాదు, పట్టీనే మార్చాలి. క్రొత్త పట్టీ లోపలి గాడిలో త్రాడు చుట్టి, సబ్బునీరు రాసి, ఒకరు వెలుపల నుండి అద్దాన్ని నొక్కుతుండగా మరొకరు లోపలి నుండి త్రాడు లాగితే పట్టీ అంచు రేకుపైకి ఎక్కి కూర్చుంటుంది. పులుపు వాసన వచ్చే సిలికోన్ వాడరాదు. దాని నుండి వెలువడే ఆమ్లం రేకును తినివేస్తుంది. తుప్పు మీద తారు పూయడం మరీ ప్రమాదం. అది రోగాన్ని దాచుతుందే గాని నయం చేయదు. పుచ్చిన రేకును కోసి, క్రొత్త రేకు అతికించి, ప్రైమరు, రంగు వేయించాలి.

నా బండికి తీగ ముక్కతోనూ, కొద్దిపాటి ప్లాస్టిక్ తెరతోనూ తీరవలసిన పని, నా తొందరపాటు వలన టింకరింగు షెడ్డులో పది దినాల వెల్డింగు పని అయింది. అయినా బండి దక్కింది. ఇప్పుడు ప్రతి సంవత్సరం తొలకరికి ముందు తలుపుల అడుగు రంధ్రాలలో తీగ పోనిచ్చి చూస్తాను. వాన వెలిసిన తరువాత మ్యాటు ఎత్తి నేలను చేతితో తడుముతాను.

విద్యార్థి మిత్రులారా, కళ్ళకు కనబడినదే కారణమని నమ్మి నేను ఒక వానాకాలమంతా పోగొట్టుకున్నాను. మీరు లేపనం పూయడానికి ముందు, ఒక గొట్టంతో, ఒక సుద్దముక్కతో ఒక గంట వెచ్చించండి. నీరు పల్లమెరుగును; దాని దారిని ఎరగవలసిన బాధ్యత మనది.