నిర్ణయవృక్షం పట్టికలో ఏ గడిని ముందు చూడాలి?

విత్తనాలు, ఎరువులు, ట్రాక్టర్లు అమ్మే డీలర్లకు కంపెనీల నుండి, బ్యాంకు శాఖలకు పై కార్యాలయాల నుండి ఖాతాదారుల విశ్లేషణ పట్టికలు అందుతూ ఉంటాయి. అందులో ఒక వరుస ఎదురుగా 65 శాతం అని కనబడగానే మన చూపు అక్కడే నిలిచిపోతుంది. ఎవరి ఇంటికి వెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి, ఎవరిని విడిచిపెట్టాలి అన్నది ఆ ఒక్క అంకెను బట్టి నిర్ణయమైపోతుంది. డీలరు ఖర్చు ఒకవైపు, కొత్త పథకం కబురు ఫలానా రైతు గడపకు చేరుతుందా లేదా అన్నది మరొకవైపు దీనిపై ఆధారపడి ఉన్నాయి. కనుక పట్టికను చదివే విధం ఇరువురికీ తెలియవలసినదే.

డెసిషన్ ట్రీ అని పిలిచే నిర్ణయవృక్షం చేసే పని మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతుకు కొత్త కాదు. ముందు తాలుకాయను వేరు చేస్తాము, మిగిలినదాన్ని రంగును బట్టి, ఆపైన పరిమాణాన్ని బట్టి విడదీస్తాము. కంప్యూటరు కూడా ఏ ప్రశ్న వేస్తే కొనేవారు, కొననివారు ఎక్కువగా విడిపోతారో వెదకి, ఆ ప్రశ్నతో మొదటి చీలిక చేస్తుంది. ప్రతి కొమ్మలోనూ మళ్లీ అదే పని. 1980లో కాస్ ప్రచురించిన చైడ్ పద్ధతి, 1984లో బ్రైమన్, ఫ్రీడ్‌మన్, ఓల్షెన్, స్టోన్ గ్రంథరూపంలో వెలువరించిన కార్ట్ పద్ధతి ఇందులో ప్రసిద్ధమైనవి. చిత్రంగా గీసిన చెట్టు చూడడానికి బాగుంటుంది కాని, లెక్క అంతా పట్టికలోనే ఉంటుంది.

ఊహించిన అంకెల కంటె నిజమైనవి మేలు. పోర్చుగల్ దేశంలో ఒక బ్యాంకు 2008 మే నుండి 2010 నవంబరు వరకు కాలపరిమితి డిపాజిట్ల కోసం ఖాతాదారులకు ఫోన్లు చేసింది. పేర్లు లేకుండా ఆ వివరాలు పరిశోధకులకు బహిరంగంగా లభిస్తున్నాయి. గత ప్రచారంలో ఆ ఖాతాదారు ఏమన్నారు అన్న ఒకే ప్రశ్నతో విడదీస్తే వచ్చే పట్టిక ఇది.

గత ప్రచార ఫలితం | వ్యక్తులు | అంగీకరించినవారు | శాతం | సూచిక
అంగీకరించారు | 1,511 | 978 | 64.7 | 553
ఇతరం | 1,840 | 307 | 16.7 | 143
నిరాకరించారు | 4,901 | 618 | 12.6 | 108
నమోదు లేదు | 36,959 | 3,386 | 9.2 | 78
మొత్తం | 45,211 | 5,289 | 11.7 | 100

ముందుగా చూడవలసినది అట్టడుగున ఉన్న మొత్తం వరుస. సగటున నూటికి 11.7 మంది అంగీకరించారు. సూచికలో 100 అంటే ఈ సగటే. 553 అంటే సగటుకు అయిదున్నర రెట్లు. ఈ వరుస తెలియకుండా "మా విశ్లేషణ 88 శాతం సరైనది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఫోను ఎత్తకుండానే అందరూ కాదంటారని చెప్పినవాడి జోస్యం కూడా ఇక్కడ 88.3 శాతం నిజమవుతుంది!

తరువాత శాతాన్ని విడిచి, దాని పక్కనున్న సంఖ్యలను చూడవలెను. మొదటి వరుసలో శాతం ఘనమే కాని, అక్కడి 978 మంది మొత్తం అంగీకారాలలో అయిదో వంతు కూడా కారు. సూచిక 78తో అందరికంటె వెనుకబడిన చివరి వరుస నుండే 3,386 అంగీకారాలు, అనగా నూటికి 64 వంతులు, వచ్చాయి. వీరిలో దాదాపు అందరూ అంతకుముందు ఎవరూ పలకరించనివారు. మొదటి వరుసతో ఆగిపోయిన అధికారి 4,311 డిపాజిట్లను వదులుకున్నట్లే.

అలాగని అందరి వెంటా తిరగాలని కాదు. మొదటి వరుసలో ఒక అంగీకారానికి ఒకటిన్నర మందిని, చివరి వరుసలో పదకొండు మందిని కలవవలసి వచ్చింది. ఒక డీలరుకు ఒక్కొక్కరిని కలవడానికి 20 రూపాయలు ఖర్చనుకుందాం. ఒక అమ్మకానికి మొదటి వరుసలో సుమారు 31 రూపాయలు, చివరి వరుసలో సుమారు 218 రూపాయలు పడుతుంది. ఎరువు బస్తా మీద మిగిలేది అంతకంటె తక్కువైతే చివరి వరుస జోలికి పోనక్కరలేదు. ట్రాక్టరు విషయంలో అదే వరుస లాభసాటి. ఈ గీతను గీయగలిగేది తన లాభం తనకు తెలిసిన డీలరే గాని కంప్యూటరు కాదు.

ఇదే ఖాతాదారులను గృహరుణాన్ని బట్టి విడదీస్తే, రుణం ఉన్న 25,130 మందిలో 7.7 శాతం, లేని 20,081 మందిలో 16.7 శాతం అంగీకరించారు. తేడా ఉన్నది కాని మొదటి చీలిక అంత పదునుగా లేదు. రుణం ఉండడమే నిరాకరణకు కారణమని కూడా దీనినుండి తేల్చరాదు. రెండూ కలిసి కనబడుతున్నాయని మాత్రమే చెట్టు చెబుతుంది.

ఒక చిక్కు ప్రత్యేకంగా చెప్పదగినది. ఆ వివరాలలో ఫోను సంభాషణ ఎన్ని సెకన్లు సాగింది అన్న అంశమూ ఉన్నది. దానిని కలిపితే చెట్టు ఎంతో తెలివిగా కనబడుతుంది, ఎందుకంటే ఇష్టమున్నవారు ఎక్కువసేపు మాట్లాడతారు. కాని ఫోను చేయకముందు ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? పంట ఇంటికి వచ్చాక దిగుబడిని ఊహించడం వంటిదిది. పట్టికలోని ప్రతి ప్రశ్నకూ జవాబు ముందుగా తెలిసేదేనా అని విచారించవలెను.

చెట్టు కొసలకు పోయినకొద్దీ గుంపులు చిన్నవవుతాయి. అయిదుగురిలో నలుగురు కొంటే 80 శాతమే. ఒక్కరు మనసు మార్చుకుంటే 60. అటువంటి కొసలను నేను లెక్కలోకి తీసుకోను. చెట్టును పెంచిన ఖాతాల మీద కాక, పక్కన వేరుగా ఉంచిన ఖాతాల మీద కట్టిన శాతాలనే డీలరు అడిగి తీసుకోవాలి. రెండు శాతాలకూ దూరం ఎక్కువైతే చెట్టు పాత జాబితాను బట్టీపట్టిందని అర్థం.

రుణగ్రహీతలకు తెలియవలసిన సంగతి ఇంకొకటి. చివరి వరుసలో నూరుగురిలో తొమ్మండుగురు అంగీకరించారు. ఆ తొమ్మండుగురు ఎవరో పట్టికకు తెలియదు. వరుస గుంపును గూర్చి చెబుతుంది, మనిషిని గూర్చి కాదు. పైగా ఇక్కడ అంగీకారం అంటే డిపాజిట్ వేయడమే గాని బాకీ తీర్చడం కాదు. ప్రచారం కోసం కట్టిన పట్టికను ముందు పెట్టుకుని ఎవరి రుణ దరఖాస్తునైనా తూచడం తగదు. తనకు ఫోను రాలేదు గనుక పథకం తనకు వర్తించదని రైతు అనుకోనక్కరలేదు. శాఖకు వచ్చి అడగవచ్చును.