బిగించినంతనే బొడిపె లేచునా?

క్రోషే నేర్చుకొను బాలికలలోను, వారికి సెల్‌ఫోను తెరమీద పాఠములు చెప్పు ఉపదేశకురాండ్రలోను కొంతకాలముగా ఒక మాట వేదవాక్యమై చెల్లుచున్నది: బాబుల్ కుట్టులో బొడిపె నిక్కి నిలువవలెనన్న దారమును చేతనైనంత బిగించి లాగవలెనట! ఈ ఉపదేశఫలమును చూడగోరువారు ఆ శిష్యురాండ్ర నొప్పిపట్టిన మణికట్టును, దారము ఒరసి ఎఱ్ఱని గీత పడిన ఎడమచేతి చూపుడువ్రేలిని, అట్టవలె బిరుసెక్కి అంచులు ముడుచుకొనిపోయిన దిండుగలీబును చూచిన చాలును. ఇంత శ్రమపడియు బొడిపె లేవకపోగా, తమకు ఈ విద్య అబ్బదని సూదిని అటక యెక్కించినవారును కలరు.

బొడిపె లేచుట బలముచేత కాదు, పొడవులోని భేదముచేత. ఒకే కన్నులో ఐదు డబుల్ క్రోషేలను, ఒక్కొక్కదాని కడపటి ఉచ్చును సూదిపైననే నిలుపుకొనుచు అసంపూర్ణముగా అల్లి, సూదిపై ఆరు ఉచ్చులు చేరిన పిమ్మట వానియన్నిటినుండి దారమును ఒక్కసారి లాగినచో, ఐదు కాళ్లకును అడుగొకటే, తల యొకటే యగును. ఇరుప్రక్కల పొట్టివగు సింగిల్ క్రోషేలు అల్లినప్పుడు, వాని యెత్తులో ఇమడజాలక ఆ పొడుగుకాళ్లు నడుమ వంగి వెలికి ఉబ్బును. ప్రక్కలను గూడ డబుల్ క్రోషేలే అల్లి, ఉబ్బలేదని దారమును బిగించుట రోగమొకటైన మందొకటి మ్రింగుట. బిగించినకొలది కాళ్లు కురుచలై, ఉబ్బుటకు దారమే మిగులదు. మరియు బాబుల్ బొడిపె అల్లువారివైపునకు గాక ఆవలివైపునకు లేచును గనుక, దానిని వెనుకవైపు వరుసలోనే అల్లవలెను. ముందువైపు వరుసలో అల్లి బొడిపె కానరాలేదని దారమును దండించుచున్న మహానుభావురాండ్రు, అల్లికను ఒక్కసారి త్రిప్పి చూతురు గాక!

1840ల కరువుకాలమున ఎందరో స్త్రీలకు కూడుపెట్టిన ఐర్లండు క్రోషేలో గులాబులు ఎత్తుగా నిలుచుటకు హేతువు, రేకులను పొరలుగా పేర్చుటయు, లోపల దళసరి దారము నుంచి దానిపై అల్లుటయు. వ్రేళ్లు నలుపుకొనుట కాదు.

అయినను ఈ వదంతిలో ఆవగింజంత సత్యము కలదని ఒప్పుకొనక తప్పదు. ఆరు ఉచ్చులను కలిపిన వెంటనే వేయు గొలుసు కుట్టు కొంచెము బిగువుగా నున్నచో తల వదులుగాక బొడిపె గుండ్రమగును. బిగువంతయు ఆ ఒక్కచోటనే.

ఉన్ని లేనిదే ఎత్తు కుట్లు కుదరవనువారికి, 2024లో భౌగోళిక సూచిక పొందిన నరసాపురపు క్రోషే లేసు నూలుదారముతోనే అల్లబడుచున్నదని గుర్తుచేసిన చాలును. పాప్‌కార్న్ కుట్టు, బాబుల్ కుట్టు ఒకటే యనుటయు పొరపాటే: పాప్‌కార్న్‌లో ఐదు కుట్లను సంపూర్ణముగా అల్లి, సూదిని ఊడదీసి, మొదటి కుట్టు తలలో గ్రుచ్చి, విడిచిన ఉచ్చును దానిగుండ లాగుదురు.

క్రొత్తవారు లేతరంగుగల నున్నని నూలుదారమును, చేయి బిగువైనచో ఒక అంకె పెద్ద సూదిని తీసికొనవలెను. ముదురురంగులో ఉచ్చులు లెక్కకు అందవు. ఇట్టి అల్లిక దారమును ఎక్కువగా మ్రింగును గావున, ఉండలన్నిటిని ఒకే అద్దకపు రంగులో ముందే కొనుట మేలు. పూర్తియైనదానిపై ఇస్త్రీపెట్టె మోపినచో చేసిన శ్రమంతయు చదునగును. తడిపి, తువాలుపై పరచి, బొడిపెలను వెనుకనుండి వ్రేలితో పైకి నెట్టి, నీడన ఆరనిండు.