మూల స్థలంలో ఇల్లు... మూలరాయి ఎవరు?

సొంతిల్లు చాలా కుటుంబాలకు జీవితకాలపు కల. పిల్లల ఫీజులు, పెళ్లిళ్ల ఖర్చుల మధ్యే చీటీలు కట్టి, బ్యాంకు అప్పు తెచ్చి ఎలాగో నూటయాభై, రెండు వందల గజాలు కొంటారు. ఆ స్థలం రెండు వీధులు కలిసే మూలలో ఉంటే ఇంట్లో చర్చలు మొదలవుతాయి. ఉత్తరం, తూర్పు వీధులున్న ఈశాన్యపు బిట్టు అయితే అందరూ మెచ్చుకుంటారు. దక్షిణం, పడమర వీధులున్న నైరుతి బిట్టు అయితే సొంత చుట్టాలే పెదవి విరుస్తారు. ‘దక్షిణానికి వాకిలి పెడితే ఇంటి యజమానికి మంచిది కాదు’ అని ఒకరు, ‘గేటు ఇటు జరిపితే దోషం పోతుంది’ అని ఇంకొకరు. ఆదివారం దేవుడే నా కాపరి అని పాడిన విశ్వాసి, సోమవారం ఇంటి ప్లాను చంకలో పెట్టుకుని చాటుగా వాస్తు చెప్పేవారి గడప తొక్కుతున్నాడు. పొరుగువారి నమ్మకాలను మనం ఎగతాళి చేయకూడదు. కానీ మన గుండెల్లోని భయం సంగతేమిటి?

‘ప్రత్యక్ష గుడారానికి కూడా తూర్పు వాకిలే కదా, వాస్తు బైబిల్లోనూ ఉంది’ అనేవారు మన సంఘాల్లో లేకపోలేదు. గుడారపు ఆవరణ ద్వారం తూర్పునే ఉండేది, నిజమే (నిర్గమ 27:13-16). అయితే మిగతా కథ కూడా చదవాలి. సంఖ్యాకాండము రెండో అధ్యాయంలో ఆ గుడారం చుట్టూ నాలుగు దిక్కులా గోత్రాలు దిగాయి. తూర్పున యూదా, దక్షిణాన రూబేను, పడమట ఎఫ్రాయిము, ఉత్తరాన దాను, ఒక్కో గోత్రంతో మరో రెండు. దక్షిణాన దిగిన వారికి మన్నా తక్కువ కురవలేదు. పడమటి వారిని మేఘస్తంభం వదిలిపోలేదు. శపితమైనదాన్ని దొంగిలించి గుడారంలో పాతిపెట్టిన ఆకాను తూర్పున దిగిన యూదా గోత్రికుడే (యెహో 7). జనాన్ని వాగ్దాన దేశంలోకి నడిపించిన యెహోషువ పడమట దిగిన ఎఫ్రాయిము గోత్రికుడు (సంఖ్యా 13:8). ఎవరు ఏ దిక్కున ఉన్నారన్నది కాదు, మధ్యలో ఎవరున్నారన్నదే ఆ పాళెపు క్షేమం.

యెహెజ్కేలు కాలానికి యెరూషలేము దేవాలయం కూడా తూర్పు ముఖంగానే ఉంది. అదే ఆలయ ద్వారం దగ్గర సుమారు 25 మంది మందిరానికి వీపు తిప్పి, తూర్పున సూర్యునికి మొక్కుతూ ప్రవక్తకు కనిపించారు (యెహె 8:16). ఆ తర్వాత దేవుని మహిమ వెళ్లిపోయింది కూడా తూర్పు గుమ్మం మీదుగానే (10:18-19, 11:23). వాకిలి సరైన దిక్కునే ఉంది, లోపలి మనుషులే దిక్కు తప్పారు.

అలాగని ఇల్లు ఎలా కట్టినా ఫరవాలేదా? కాదు. కట్టేముందు కూర్చుని లెక్క చూసుకోమని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). మన తెలుగు నేల మీద మధ్యాహ్నం తర్వాత వాలే పడమటి ఎండ గోడల్ని కాల్చేస్తుంది. దక్షిణపు గోడకు నడివేసవిలో నేరుగా తగిలే ఎండ తక్కువ, చిన్న సన్‌షేడ్ చాలు. అందువల్ల నైరుతి బిట్టులో పడమటి వైపు మెట్లు, బాత్‌రూము, సామాన్ల గది పెట్టి, ఒక వేపచెట్టు నాటితే పడక గదులు చల్లగా ఉంటాయి. వానకాలపు గాలి, జల్లు ఎక్కువగా నైరుతి నుంచే కనుక ఆ వైపు కిటికీలకు చూరు బాగా దించాలి. రెండు వీధుల రొద, దుమ్ము ఉంటాయి కనుక పెద్దవాళ్ల గది మలుపుకు దూరంగా లోపలి వైపు ఉండాలి. ఇది భయం కాదు, దేవుడిచ్చిన వివేకం. ‘రేపు అమ్మాలంటే ఎవరు కొంటారు?’ అన్నదీ న్యాయమైన ప్రశ్నే. అది ధరకు సంబంధించిన లెక్క, కొనేటప్పుడే వేసుకోవాలి. దాన్ని శాపమని పిలవకూడదు.

మూల స్థలం ఉన్నవారికి బైబిలు ఇంకో మాట చెబుతుంది. కోతకాలంలో పొలం అంచులు పూర్తిగా కోయకుండా బీదలకు, పరదేశులకు వదలమన్నాడు దేవుడు (లేవీ 19:9-10). మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకుని బతికింది ఆ ఆజ్ఞ వల్లే. ఈనాడు మలుపులో మూలను ఏటవాలుగా కోసి వదలమని మున్సిపాలిటీ నిబంధనలు అడుగుతాయి. చాలామంది ఆ జానెడు నేల కోసం ప్రహరీని వీధి అంచుదాకా జరిపి ఎత్తుగా లేపుతారు. అటు నుంచి సైకిల్ మీద వచ్చే బడిపిల్లాడు ఇటు వచ్చే ఆటోకు కనిపించడు. ఈశాన్యం పెంచుకోవడానికి పడిన తాపత్రయంలో పొరుగువాడి బిడ్డ గుర్తుకు రాలేదంటే ఆ ఇంటికి ఏ దోషం ఉన్నట్టు? మిద్దె మీద నుంచి ఎవరూ పడి చావకుండా పిట్టగోడ కట్టమన్న దేవుడు (ద్వితీ 22:8) మలుపులోని ప్రహరీ గురించి కూడా అడగడా? కూలివాడి కష్టం ఎగ్గొట్టి కట్టిన మేడకు శ్రమ అన్నాడు యిర్మీయా (22:13). ఇంటికి వచ్చే దోషాలు బైబిల్లో ఇలాంటివే.

అన్నిటికంటే పెద్ద నష్టం గోడల్లో జరగదు. గృహప్రవేశమైన ఏడాదిలో ఎవరికో జబ్బు చేస్తుంది, వ్యాపారం దెబ్బతింటుంది. ఆస్పత్రికి వెళ్లాల్సిన డబ్బుతో వాకిలి మూసి మరో వాకిలి తీస్తారు. ‘ఈ స్థలం కొందామన్నది కోడలే’ అంటూ నిందలు మొదలవుతాయి. కొందరు దైవజనుల్ని పిలిచి నాలుగు మూలలా నూనె చల్లించుకుంటారు. ప్రార్థన మంచిదే. కానీ వాస్తు భయానికే నూనె రాసి ప్రార్థన అనుకుంటే మనసు మారలేదన్నమాట. ఆ డబ్బుతో రోగికి వైద్యం చేయించండి, కోడలి కన్నీళ్లు తుడవండి, కుటుంబమంతా ఒకచోట మోకరించండి.

ప్రభువు చెప్పిన ఉపమానంలో ఇళ్లు రెండు. వాన, వరద, గాలి రెంటికీ సమానంగానే వచ్చాయి (మత్తయి 7:24-27). ఏ ఇంటి వాకిలి ఎటుందో ఆయన చెప్పలేదు, పునాది ఏమిటో చెప్పాడు. రెండు గోడలు కలిసే చోట రెంటినీ పట్టి ఉంచేది మూలరాయి. ఆ మూలరాయి క్రీస్తే అన్నాడు పౌలు (ఎఫెసీ 2:20). అత్త ఒక గోడ, కోడలు ఒక గోడ. భర్త ఒక గోడ, భార్య ఒక గోడ. వాటిని కలిపి నిలిపే రాయి ఉన్న ఇంటికి నాలుగు దిక్కులూ దేవుడు చేసినవే!