కర్ర వాళ్లదే... ఆటా వాళ్లదే... మరి జెండా?

చేతిలో పాస్‌పోర్టు ఉంది. విమానం టికెట్టు ఉంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడాల్సిన మ్యాచ్ ఉంది. అయినా ఇరవైముగ్గురు ఆటగాళ్లు న్యూయార్క్ దాటలేకపోయారు.

అది 2010 జులై. ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో పురుషుల ప్రపంచ లాక్రోస్ పోటీలు. ఇరక్వాయ్ నేషనల్స్ జట్టు తొలి మ్యాచ్ ఆడాల్సింది ఆతిథ్య జట్టు ఇంగ్లాండుతోనే. అంతలో బ్రిటన్ అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆటగాళ్ల దగ్గరున్నది అమెరికా పాస్‌పోర్టు కాదు, కెనడాది కాదు. తమ సొంత తెగల సమాఖ్య ఇచ్చింది. కొంతభాగం చేత్తో రాసినది. 2001 సెప్టెంబరు దాడుల తరవాత వచ్చిన భద్రతా నిబంధనలకు అది సరిపోదన్నారు. అమెరికా ప్రభుత్వం ఆగమేఘాల మీద తన పాస్‌పోర్టులు చేయించి ఇస్తానంది. 'అక్కర్లేదు' అన్నారు వాళ్లు. అప్పటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ జోక్యం చేసుకుని ఈ ఒక్కసారికీ మినహాయింపు ఇప్పించారు. 'టైటానిక్', 'అవతార్' సినిమాల దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఖర్చుల కోసం 50 వేల డాలర్లు పంపారు. బ్రిటన్ మాత్రం దిగిరాలేదు. ఇంగ్లాండు తొలి మ్యాచ్‌ను జర్మనీతో ఆడేసింది. వీళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లిపోయారు.

ఒక్క సంతకం పెట్టి అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే పోయేదేముంది అనిపిస్తుంది. ఆ పాస్‌పోర్టు కోసం మనదగ్గర ఎంతమంది ఎన్నేళ్లు ఎదురుచూస్తారో తెలిసిందే. కానీ వాళ్ల లెక్క వేరు. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు ఆట సంగతి చూడాలి.

చేపల వల కట్టిన కర్ర

లాక్రోస్ చూడనివాళ్లకు చెప్పాలంటే... హాకీ కర్ర చివర వంపు బదులు చిన్న వల సంచి కట్టినట్టు ఊహించుకోవాలి. గట్టి రబ్బరు బంతిని ఆ వలతోనే పట్టాలి, వలలోనే ఊపుతూ పరుగెత్తాలి, వలతోనే విసరాలి. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని చేత్తో తాకకూడదు. జట్టుకి పదిమంది. ముగ్గురు దాడికి, ముగ్గురు రక్షణకి, ముగ్గురు మైదానమంతా పరుగెత్తడానికి, ఒకరు గోల్‌లో. మైదానం పొడవు 110 గజాలు. గోలు ఆరడుగుల చదరం. రక్షణ ఆటగాళ్ల కర్ర ఆరడుగుల దాకా ఉండొచ్చు. దాంతో ఎదుటివాడి కర్ర మీద కొట్టి బంతి రాలగొట్టొచ్చు. అందుకే హెల్మెట్లూ గ్లవుజులూ. మంచి ఆటగాడు విసిరితే బంతి గంటకు 160 కిలోమీటర్లు దాటి దూసుకెళ్తుంది. అంటే ఫాస్ట్ బౌలర్ల వేగం! గోల్‌కీపర్‌కి వికెట్ల ముందు నిలబడ్డ బ్యాట్స్‌మన్‌కున్నంత టైము కూడా దొరకదు.

ఈ ఆటలో ఓ చమత్కారమైన నియమం ఉంది. గోలుకు కొట్టిన బంతి గురితప్పి మైదానం బయటకు పోతే, గీత దాటే క్షణంలో దానికి ఎవరు దగ్గరగా ఉంటే బంతి వాళ్లది. అందుకని గోలు తప్పిందని తెలిసినా ఇద్దరూ పిచ్చిగా బంతి వెంట పరుగుతీస్తారు.

రోగం కుదిర్చే ఆట

దీన్ని కనిపెట్టింది అమెరికా ఖండపు మూలవాసులు. ముఖ్యంగా చెప్పుకోవాల్సింది హౌడెనొషోనీలను. పొడవాటి ఇళ్ల జనం అని దానర్థం. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు తెగల సమాఖ్య. ఇరక్వాయ్ అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. న్యూయార్క్ రాష్ట్రం ఎగువ భాగంలో, సరిహద్దు దాటితే కెనడాలో వాళ్ల ఊళ్లున్నాయి. నిజానికి ఊళ్లు ముందునుంచీ ఉన్నాయి. సరిహద్దు గీతే తరవాత వచ్చి వాటి మధ్యలోంచి పోయింది.

వాళ్లకి ఇది కేవలం ఆట కాదు, సృష్టికర్త సరదా కోసం ఆడేది. ఊళ్లో ఎవరికైనా జబ్బుచేస్తే బాగుపడాలని మ్యాచ్ పెట్టుకుంటారు. రెండు ఊళ్లకు తగవొస్తే కర్రలతోనే తేల్చుకున్న రోజులున్నాయి. హికరీ అనే గట్టి చెట్టు కలపను ఆవిరిపెట్టి వంచి, నెలల తరబడి ఆరబెట్టి, తోలుతాళ్లతో వల అల్లి కర్ర తయారుచేస్తారు. మగబిడ్డ పుడితే పక్కన చిన్న కర్ర పెడతారు. మనిషి పోతే శవపేటికలో అతని కర్ర ఉంచుతారు. అవతలి లోకంలో దిగగానే ఆటకు పిలుపొస్తుందని నమ్మకం.

17వ శతాబ్దంలో ఈ ఆటను చూసిన ఫ్రెంచి మతబోధకులు 'లా క్రోస్' అని రాసుకున్నారు. క్రోస్ అంటే వంపు కర్ర. పేరు అలా స్థిరపడిపోయింది.

ఈ కర్రకి ఓ యుద్ధకథ కూడా ఉంది. 1763 జూన్ 2న మిషిలిమాకినాక్ అనే బ్రిటిష్ కోట ముందు ఒజిబ్వే, సాక్ తెగలవాళ్లు మ్యాచ్ పెట్టుకున్నారు. సైనికులు తలుపులు బార్లా తీసి వినోదం చూస్తున్నారు. ఉన్నట్టుండి బంతి కోట వైపు ఎగిరింది. దాని వెంట ఆటగాళ్లు లోపలికి పరుగెత్తారు. చూస్తూ నిలబడ్డ ఆడవాళ్లు దుప్పట్ల కింద దాచిన ఆయుధాలు అందించారు. కోట చేజారిపోయింది!

దంతవైద్యుడి రూలు

1860ల్లో జార్జి బీర్స్ అనే మాంట్రియల్ దంతవైద్యుడు ఈ ఆటకు నియమాలు రాశాడు. మైదానం కొలతలు, ఆటగాళ్ల లెక్క, గట్టి రబ్బరు బంతి... అన్నీ ఒక పద్ధతిలోకొచ్చాయి. క్లబ్బులు పుట్టాయి. 1876లో మోహాక్ ఆటగాళ్లని ఇంగ్లాండు తీసుకెళ్లి విక్టోరియా మహారాణి ముందు ఆడించారు. అక్కడిదాకా బాగానే ఉంది. 1880 ప్రాంతంలో కెనడా సంఘం కొత్త షరతు పెట్టింది. డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు ఛాంపియన్‌షిప్‌లో చోటు లేదని. ప్రయాణాలకు సొంత డబ్బు పెట్టుకోలేని మూలవాసులంతా ఆ దెబ్బకి 'ప్రొఫెషనల్స్' అయిపోయారు. ఇల్లు కట్టినవాడిని వరండాలో కూర్చోబెట్టడమంటే ఇదే.

ఒలింపిక్స్‌లోనూ అంతే. 1904లో సెయింట్ లూయిస్‌లో ఒక మోహాక్ జట్టు ఆడి కాంస్యం గెలిచింది. ఆటగాళ్ల జాబితాలో 'నల్ల గద్ద', 'పాములు తినేవాడు', 'సబ్బంటే భయపడేవాడు' లాంటి పేర్లున్నాయి. అవి ఎవరు ఏ సరదాకి రాసిన పేర్లో! పతకం మాత్రం కెనడా ఖాతాలో పడింది.

గాజువాకకీ కానవాకేకీ...

ఈ ఆటగాళ్లకు ఇంకో ముఖం ఉంది. దాన్ని గాజువాకవాళ్లయితే వెంటనే పోల్చుకుంటారు. వాళ్లు ఉక్కు మనుషులు!

మాంట్రియల్ పక్కన సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మోహాక్‌ల ఊరొకటి ఉంది. పేరు కానవాకే. నీళ్లు సుడులు తిరిగి పారే చోటు అని అర్థం. తెలుగులో వాక అంటే ఏరు. రెండిటికీ చుట్టరికం ఏమీ లేదు, వినడానికి మాత్రం బాగుంది. 1886లో ఆ ఊరి దగ్గర రైలు వంతెన కడుతున్న కంపెనీ అక్కడి కుర్రాళ్లను పనిలో పెట్టుకుంది. నది మీద సన్నని ఇనుప దూలాల మీద వాళ్లు నడిచే తీరు చూసి ఇంజినీర్లు రివెట్లు కొట్టే పని నేర్పించారు. అప్పట్నుంచి తరతరాలుగా అదే వృత్తి. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం దగ్గర్నుంచి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా, మబ్బుల్లో నిలబడి గిర్డర్లు బిగించినవాళ్లలో మోహాక్‌లు ఉన్నారు. వాళ్లకి ఎత్తంటే భయంలేదని జనం అనుకునేవారు. భయం అందరికీ ఉంటుంది. గాజువాకలో ఎరెక్షన్ పనులు చేసిన ఏ రిగ్గర్ని, ఏ ఖలాసీని అడిగినా ఆ మాటే చెబుతారు.

1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన కడుతుండగానే కూలిపోయింది. దాని బరువుని డిజైన్‌లో తక్కువగా లెక్కవేశారు. 75 మంది చనిపోతే వాళ్లలో 33 మంది కానవాకే మోహాక్‌లే. ఒక చిన్న ఊళ్లో ఒకేరోజు అన్ని చావులు. ఇకమీదట మగవాళ్లంతా ఒకే సైటుకి వెళ్లడానికి వీల్లేదని ఊరి ఆడవాళ్లు పట్టుబట్టారని చెప్పుకుంటారు. ఆ ఊరి శ్మశానంలో ఉక్కు దూలాలతో చేసిన శిలువలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కాగితం సంగతి కూడా గాజువాకకి కొత్త కాదు. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. నిర్వాసితుల ఇళ్లలో 'ఆర్ కార్డు' అంటే ఏమిటో పిల్లలకూ తెలుసు. ఫలానా ఊరివాడు, ఫలానా భూమి ఇచ్చాడు, ఇతనికి ఇది రావాలి అని చెప్పే చిన్న కార్డు. ఆ ఊరు మ్యాపులో లేకపోయినా కార్డులో ఉంటుంది. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకునే మనిషికి ఆ పాస్‌పోర్టు విలువ వేరే చెప్పక్కర్లేదు.

హౌడెనొషోనీల పాస్‌పోర్టుకి చాలా చరిత్రే ఉంది. 1923లో దెస్కాహే అనే కయూగా నాయకుడు నానాజాతి సమితికి మొర పెట్టుకోవడానికి ఆ పాస్‌పోర్టుతోనే జెనీవా వెళ్లాడు. మరుసటి ఏడాది అమెరికా మూలవాసులందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం చేసింది. మేం అడగలేదు, మాకు మా దేశం ఉంది అన్నది సమాఖ్య జవాబు.

మళ్లీ మైదానంలోకి

ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది 1967లో, టొరంటోలో. నాలుగే జట్లు... అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లాండు. ఆట పుట్టించినవాళ్లకు పిలుపే లేదు. 1983లో ఒనొండాగా పెద్దమనిషి ఓరెన్ లయన్స్, మరికొందరు కలిసి సొంత జట్టు కట్టారు. ఆయన ఒకప్పుడు సిరక్యూజ్ యూనివర్సిటీ గోల్‌కీపర్. అంతర్జాతీయ సమాఖ్యని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. చివరికి 1990లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తొలిసారి ప్రపంచ పోటీల్లో దిగారు. గాజువాక పక్కన తొలి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' వెలిగింది కూడా ఆ ఏడాదే.

మాంచెస్టర్ అవమానం తరవాత నాలుగేళ్లకు, 2014లో డెన్వర్‌లో కాంస్యం గెలిచారు. ఈ పోటీల్లో అదే వాళ్ల తొలి పతకం. ఆ జట్టులోని లైల్ థాంప్సన్, అతని అన్న మైల్స్ అదే సంవత్సరం అమెరికా కాలేజీ లాక్రోస్‌లో అత్యున్నతమైన టెవారటన్ అవార్డుని పంచుకున్నారు. ఆ అవార్డు పేరే లాక్రోస్‌కి మోహాక్ భాషలో ఉన్న పేరు. అది మూలవాసులకు దక్కడం మాత్రం అదే మొదటిసారి! 2018లో ఇజ్రాయెల్‌లోని నెతాన్యాకి వెళ్లేటప్పుడు మళ్లీ పాస్‌పోర్టు గొడవ. ఆఖరి నిమిషం దాకా తేలలేదు. ఆలస్యంగా చేరినా కాంస్యం తెచ్చుకున్నారు. 2023లో శాన్ డియాగోలో మూడోది. వరసగా మూడు టోర్నీల్లో మూడో స్థానం అంటే చిన్న విషయం కాదు. ఎందుకంటే 2023 దాకా జరిగిన 14 ఛాంపియన్‌షిప్పుల్లో 11 అమెరికావి, 3 కెనడావి. మిగతా ప్రపంచానికి ఒక్కటీ దక్కలేదు. నెతాన్యా ఫైనల్ అయితే గడియారంలో ఒక్క సెకను మిగిలుండగా పడిన గోలుతో అమెరికా 9-8తో కెనడాని ఓడించింది. ఈ 14 టోర్నీల్లో భారత జట్టు ఎప్పుడూ ఆడలేదు.

ముంబయిలో తెరిచిన తలుపు

2023 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ముంబయిలో సమావేశమైంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్టు ఆడిస్తారని మనవాళ్లంతా పండగ చేసుకున్నారు. అదే తీర్మానంలో లాక్రోస్ కూడా ఉంది. 1908 తరవాత పతకాల కోసం మళ్లీ ఇప్పుడే. కాకపోతే పదిమంది ఆట కాదు, ఆరుగురు ఆడే 'సిక్సెస్'. మన టీ20 లాంటిదన్నమాట. చిన్న మైదానం, ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు, బంతి చేతికొచ్చాక 30 సెకన్లలో గోలుకు కొట్టాల్సిందే.

తిరకాసు ఒక్కటే. ఒలింపిక్స్‌కి జట్టుని పంపాలంటే జాతీయ ఒలింపిక్ కమిటీ ఉండాలి. హౌడెనొషోనీలకు అది లేదు. క్రికెట్ అభిమానులకి ఈ చిక్కు సులభంగానే అర్థమవుతుంది. వెస్టిండీస్ అనే దేశమూ లేదు, దానికి ఒలింపిక్ కమిటీ కూడా లేదు. 2022 కామన్వెల్త్ క్రీడల మహిళల క్రికెట్‌లో ఆ జట్టు బదులు బార్బడోస్ ఆడింది. వెస్టిండీస్ ఆటగాళ్లకు కనీసం తమ తమ దేశాల జెండాలున్నాయి. వీళ్లని అమెరికాకో కెనడాకో ఆడమంటున్నారు. 2023 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ వీళ్లు సొంత జెండాతో ఆడాలని బహిరంగంగా మద్దతిచ్చారు. జాతీయ కమిటీల ద్వారానే రావాలన్నది ఒలింపిక్ కమిటీ సమాధానం. రూలు రూలే కావచ్చు. కానీ లాక్రోస్‌ని ఒలింపిక్స్‌కి తెచ్చి, ప్రపంచంలో మూడో స్థానంలో ఉన్న జట్టుని, అందులోనూ ఆట కనిపెట్టినవాళ్లని గేటు బయట నిలబెడితే ఆ పోటీకి విలువెంత?

గేటు తెరవడానికి దారులు ఉండకపోవు. 2022లో అలబామాలో జరిగిన వరల్డ్ గేమ్స్ సంగతే చూడండి. 2020లో జాబితా తయారైనప్పుడు ఇదే కారణంతో వీళ్ల పేరు తీసేశారు. విమర్శలొచ్చాక అర్హులేనన్నారు గానీ ఎనిమిది జట్ల చోట్లూ అప్పటికే నిండిపోయాయి. అప్పుడు ఐర్లాండ్ జట్టు తనంతట తాను తప్పుకుంది. ఆ ఖాళీలో హౌడెనొషోనీలు తమ ఊదారంగు జెండాతో మైదానంలోకి దిగారు.