గట్టి స్ప్రింగు వేస్తే సరిపోతుందా?

నా మొదటి మెకానికల్ ఇంటర్వ్యూలో ప్యానెల్‌లోని ఒకాయన బాల్‌పెన్ విప్పి, అందులోని స్ప్రింగు నా చేతిలో పెట్టారు. ‘దీన్ని గట్టిగా చెయ్యాలంటే?’ అన్నారు. ‘తీగ మందం పెంచాలి సర్’ అన్నాను. ‘గట్టిగా చేస్తే మెషీన్ బాగా పనిచేస్తుందా?’ నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు!

జవాబు తర్వాత దొరికింది, అదీ ఒక పిస్టల్‌లో. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఎం1911ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. తూటా పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటకు విసిరేస్తుంది. రికాయిల్ స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. వస్తూ వస్తూ స్లైడ్ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను లోపలికి నెడుతుంది. 5 అంగుళాల బ్యారెల్ మోడల్‌కు 16 పౌండ్ల స్ప్రింగు మామూలు లెక్క.

జామ్ అవుతోందంటే గట్టి స్ప్రింగు వేసేద్దాం అనిపిస్తుంది. కానీ మరీ గట్టిదైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ తొడుగు మధ్యలోనే ఇరుక్కుంటుంది. పోయినా, మరీ వేగంగా తిరిగొస్తుంది. కింద మ్యాగజైన్ స్ప్రింగు తర్వాతి తూటాను పైకి లేపేలోగా స్లైడ్ దాటిపోతుంది. అంటే ఇక్కడ తేడా ఒక స్ప్రింగులో లేదు, రెండింటి టైమింగ్‌లో ఉంది. మెత్తనిదైతే ఇంకో తంటా: స్లైడ్ వెనక్కెళ్లి ఫ్రేమ్‌ను బలంగా కొడుతుంది, ముందుకొచ్చి పూర్తిగా మూసుకోదు. అందుకే వాడి వాడి కుదించుకుపోయిన స్ప్రింగులు తీసి, అదే రేటింగ్‌వి కొత్తవి వేయడమే చాలాసార్లు అసలు రిపేరు. మ్యాగజైన్ స్ప్రింగును మాత్రం ఎవరూ ముందు అనుమానించరు, పాపం!

మీ డిజైన్ సబ్జెక్టులోని సూత్రం పనికొచ్చేది ఇక్కడే. స్టిఫ్‌నెస్ తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. తీగ 10 శాతం లావైతే స్ప్రింగు దాదాపు 46 శాతం గట్టిపడుతుంది. రెండు చుట్లు కత్తిరిస్తే మెత్తబడుతుందనుకుంటారు చాలామంది. నిజానికి స్టిఫ్‌నెస్ పెరుగుతుంది, తగ్గేది ముందుగా ఉండే బిగింపు. ఈ రెండూ వేరు చేసి చెప్పగలిగితే ప్యానెల్ తల పైకెత్తి చూస్తుంది.

మన సైన్యం వాడే 9 ఎంఎం ఆటో పిస్టల్ కూడా బ్రౌనింగ్ హై పవర్ వంశానిదే, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. అయితే ఇది నేర్చుకోడానికి పిస్టల్ అక్కర్లేదు. ఇంటర్వ్యూకి ముందు మెకానిక్ షెడ్డుకి వెళ్లి బైక్ వాల్వ్ స్ప్రింగు చూపించమనండి. మెత్తబడితే అధిక వేగంలో వాల్వు క్యామ్‌ను అందుకోలేదు, మరీ గట్టిదైతే క్యామ్ అరిగిపోతుంది.