అంతరిక్షనౌకలో కార్బన్ డయాక్సైడ్ తొలగింపు: లిథియం హైడ్రాక్సైడ్ నుండి జియోలైట్ వరకు

మూసివున్న గదిలో మనిషికి ముందుగా ముప్పు తెచ్చేది ఆక్సిజన్ కొరత కాదు, అతడు విడిచిన కార్బన్ డయాక్సైడే. ఒక్కొక్క వ్యోమగామి రోజుకు సుమారు 1 కిలో మేర ఈ వాయువును విడుస్తారు. కక్ష్యలో వేడిగాలి తనంతట తాను పైకి లేవదు. పంకాలు ఆగితే విడిచిన ఊపిరి నిద్రించేవారి ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. కనుక గాలిని కదిలించడమే తొలగింపులో మొదటి పని.

అమెరికా తొలితరం నౌకలు లిథియం హైడ్రాక్సైడ్‌ను ఆశ్రయించాయి. అది కార్బన్ డయాక్సైడ్‌తో చర్య పొంది లిథియం కార్బొనేట్‌గా మారుతుంది, నీరు వెలువడుతుంది. 44 గ్రాముల వాయువుకు 48 గ్రాముల హైడ్రాక్సైడ్ ఖర్చవుతుంది. ఒకసారి వాడినది నౌకలో మళ్ళీ పనికిరాదు. ఈ లెక్కన ముగ్గురు ఆరు నెలలు గడపాలంటే, డబ్బాల బరువు కాక, దాదాపు 590 కిలోల రసాయనం వెంట ఉండాలి. స్వల్పకాలిక యాత్రలకు తప్ప ఇది చెల్లని విధానం.

1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఎదుర్కొన్న చిక్కు ఇంకొక రకమైనది. రసాయనానికి కొదవ లేదు. కానీ కమాండ్ మాడ్యూల్ డబ్బాలు చతురస్రాకారం, ఆశ్రయమిచ్చిన ల్యూనార్ మాడ్యూల్‌లోని అమరికలు గుండ్రం. ఇద్దరికి సుమారు రెండు రోజులకని రూపొందించిన ఆ మాడ్యూల్‌లో ముగ్గురు దాదాపు నాలుగు రోజులు గడపవలసి వచ్చింది. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, స్పేస్‌సూట్ గొట్టాలు, అంటుపట్టీలతో చేసిన అతుకు వారిని కాపాడింది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని అమెరికా విభాగం జియోలైట్‌ను వాడుతుంది. ఇక్కడ జరిగేది రసాయనచర్య కాదు, అధిశోషణం. స్ఫటికంలోని సూక్ష్మరంధ్రాల్లో వాయువు చిక్కుకుంటుంది. వేడిచేసి శూన్యానికి తెరిస్తే వదిలిపోతుంది. అయితే జియోలైట్‌కు కార్బన్ డయాక్సైడ్ కంటే నీటి ఆవిరిపైనే ఆకర్షణ ఎక్కువ. తడిగాలిని పంపితే రంధ్రాలన్నీ నీటితోనే నిండుతాయి. అందుకే గాలి ముందు సిలికా జెల్ తదితర ఆర్ద్రతాగ్రాహకాల గుండా సాగి, పొడిగా జియోలైట్‌ను చేరుతుంది; తిరిగివచ్చేటప్పుడు మరో ఆర్ద్రతాగ్రాహకం నుండి తేమను తీసుకొని గదిలోకి వెళ్తుంది. నాలుగు పాత్రల ఈ అమరిక పొదుపైనదే గాని నిర్వహణ సులువు కాదు. పూసలు అరిగి రాలిన ధూళి కవాటాల్లో చేరి పలుమార్లు మరమ్మతులు తప్పలేదు.

తొలగించిన వాయువును పారవేయక హైడ్రోజన్‌తో చర్య జరిపితే నీరు, మీథేన్ ఏర్పడతాయి. సబాటియే చర్యగా ప్రసిద్ధమైన దీనికి తగిన పరికరం 2010లో కేంద్రాన్ని చేరింది. ఆ నీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే ఆక్సిజన్ లభిస్తుంది. కానీ మీథేన్‌ను బయటికి వదలడంతో హైడ్రోజన్ కూడా పోతుంది. ఫలితంగా కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌లో సుమారు సగమే తిరిగి చేతికందుతోంది.